తుంటి ఆపరేషన్ తర్వాత నొప్పి, 3వ పాఠం: మార్ఫిన్ ఒకటే, దారులు వేరు

పోయినసారి నొప్పికి 0 నుంచి 10 దాకా మార్కులు వేయించడం చూశాం కదా, ఈసారి ఆ మార్కులతోనే మందు ఇచ్చే పద్ధతుల్ని పోల్చి చూద్దాం. నర్సింగ్ చదివేవాళ్లు నోట్‌బుక్ దగ్గర పెట్టుకోండి.

పాత పద్ధతి కండకు సూది. నాలుగు నుంచి ఆరు గంటలకోసారి వేస్తారు. మందు ఒంటికి ఎక్కే వేగం మనిషి మనిషికీ మారుతుంది కాబట్టి కాసేపు మగత, కాసేపటికి మళ్లీ మూలుగు. పైగా పేషెంట్ అడగాలి, సిస్టర్ బీరువా తాళం తీసి రిజిస్టర్‌లో రాసి తేవాలి, ఈలోపు నొప్పి ముదిరిపోతుంది.

పీసీఏ పంప్‌తో, అంటే పేషెంటే బటన్ నొక్కి నొప్పి మందు తీసుకునే యంత్రంతో, ఆ ఎదురుచూపు ఉండదు. పేషెంట్ బటన్ నొక్కితే నరంలోకి మామూలుగా 1 మిల్లీగ్రామ్ మార్ఫిన్ వెళ్తుంది, ఆ తర్వాత 5 నుంచి 10 నిమిషాల దాకా ఎన్నిసార్లు నొక్కినా పంప్ పలకదు. దీన్ని లాకౌట్ అంటారు. కానీ అసలు కాపలా పేషెంట్ మగతే, నిద్ర ముంచుకొస్తే బటన్ నొక్కలేరు కదా. అందుకే "పాపం అమ్మ నిద్రపోతోంది, నేను నొక్కుతా" అనే కొడుకుని అక్కడే ఆపాలి (ప్రేమతోనే చేస్తారు, ప్రమాదం మాత్రం నిజం). తుంటి విరిగి వచ్చిన 80 ఏళ్ల పెద్దావిడ ఆపరేషన్ తర్వాత తికమకగా ఉంటే ఆమెకు బటన్ సంగతే గుర్తుండదు, పంప్ పెట్టి లాభం లేదు.

వెన్నులో మత్తు ఇచ్చేటప్పుడే ప్రిజర్వేటివ్ లేని మార్ఫిన్ 100 మైక్రోగ్రాములు, అంటే మిల్లీగ్రాములో పదో వంతు, కలిపితే దాదాపు రోజంతా పనిచేస్తుంది. ఇంత చిటికెడుకి అంత పనా అని నాకిప్పటికీ ఆశ్చర్యమే. దురద, వాంతులు, మూత్రం ఆగిపోవడం దీని వెంట వస్తాయి. చాలా గంటల తర్వాత కూడా ఊపిరి మందగించవచ్చు, ఆ సంగతి నైట్ డ్యూటీవాళ్లకి చెప్పకుండా ఇంటికెళ్లొద్దు.

చర్మానికి అతికించే ఫెంటానిల్ ప్యాచ్ (ఇదీ మార్ఫిన్ లాంటి మందే) ఈ పోటీలోకే రాదు. మందు ఒంటికి ఎక్కడానికే సగం రోజు పైన పడుతుంది, ఓపియాయిడ్లు (మార్ఫిన్ జాతి నొప్పి మందులు) అలవాటు లేనివాళ్లకి అసలు వద్దు.

ఇక పోల్చడం. పడుకున్నప్పటి మార్కు చూసి ఏ పద్ధతి మేలో తేల్చకండి, కదలకపోతే నొప్పి ఎలాగూ తక్కువే కనిపిస్తుంది. వాకర్ పట్టుకుని లేచినప్పటి మార్కు రాయండి, పక్కనే మగత ఎంతుందో, నిమిషానికి శ్వాసలెన్నో రాయండి.

అభ్యాసం: రాత్రి 11 గంటలు. 2వ బెడ్‌కి పంప్ ఉంది, పడుకుంటే 3, లేస్తే 8, మాట స్పష్టం. 5వ బెడ్‌కి మధ్యాహ్నం వెన్నులో మార్ఫిన్ ఇచ్చారు, చివరిసారి అడిగినప్పుడు మార్కు 1, ఇప్పుడు భుజం తడితే గానీ కళ్లు తెరవడం లేదు, శ్వాసలు 9. ముందు ఎవరి దగ్గరికి?

ఆ 1 చూసి మురిసిపోయి 2వ బెడ్ వైపు నడిచినవాళ్లు పాఠం మళ్లీ మొదటి నుంచి చదవండి. 5వ బెడ్‌కి వెంటనే ఆక్సిజన్ పెట్టి, డాక్టర్‌ని పిలిచి, నాలోక్సోన్ (మార్ఫిన్‌కి విరుగుడు మందు) చేతికందేలా ఉంచుకోవాలి.