ఇంట్లో మామిడి డెజర్ట్‌లు: సగం పని గుజ్జు దగ్గరే అయిపోతుంది

మామిడితో చేసిన డెజర్ట్ సరిగ్గా కుదరకపోతే చాలామంది తప్పంతా కొలతల్లో వెతుకుతారు. క్రీమ్ ఎక్కువైందనో, పంచదార చాల్లేదనో అనుకుంటారు. కానీ ఎక్కువసార్లు తేడా వచ్చేది పండు దగ్గర, గుజ్జు దగ్గర. మామిడి పండులో 80 శాతానికి పైగా నీళ్లే ఉంటాయి, ఆ నీళ్లను ఏం చేయాలో, గుజ్జుకు ఎంత వేడి తగలనివ్వాలో తెలిస్తే ఐస్‌క్రీమ్ అయినా పుడ్డింగ్ అయినా దాదాపు అదే కుదురుతుంది. అందుకే రెసిపీల కన్నా ముందు పండు గురించే కాస్త ఎక్కువ చెప్తాను.

పండు ఎంచుకునేటప్పుడు రంగును నమ్మకండి. కొన్ని రకాలు పూర్తిగా పండినా తొక్క పచ్చగానే ఉంటుంది, కొన్ని పైకి ఎర్రగా నిగనిగలాడుతూ లోపల దోరగా ఉంటాయి. ముచ్చిక దగ్గర వాసన చూడండి, తియ్యటి వాసన గుప్పున వస్తే పండినట్టే. బొటనవేలితో మెల్లగా నొక్కితే పండు కొంచెం లొంగాలి, అంతేగానీ వేలు లోపలికి దిగబడకూడదు. వాసనలో పులిసిన ఛాయ తగిలితే మాత్రం మొహమాటపడకుండా ఆ పండు పక్కన పెట్టేయండి, ఎన్ని ఏలకులు దంచి వేసినా ఆ పులిసిన రుచి దాగదు.

ఇంకా పండని కాయలు తెచ్చుకుంటే ఫ్రిజ్‌లో పెట్టొద్దు. పండకముందే చలి తగిలితే కాయ దెబ్బతింటుంది, తర్వాత బయటపెట్టినా రుచీ వాసనా సరిగ్గా రావు. గది వేడిమిలోనే ఉంచండి, తొందరుంటే కాగితం సంచిలో ఒక మగ్గిన అరటిపండుతో కలిపి పెట్టండి. అరటిపండు నుంచి వచ్చే ఇథిలీన్ వాయువు కాయల్ని త్వరగా పండిస్తుంది. ఒకసారి పండాక ఫ్రిజ్‌లో పెట్టుకోవచ్చు, మూడు నాలుగు రోజులు బాగానే ఉంటాయి.

ఇక పీచు సంగతి. పిండుకుని తాగే రసం పళ్లు వాసనలో, తీపిలో ముందుంటాయి కానీ వాటిలో పీచు ఎక్కువ, నీళ్లూ ఎక్కువ. ముక్కలు కోసుకుని తినే పళ్లలో కండ గట్టిగా, నున్నగా ఉంటుంది. నా సలహా ఏమిటంటే ఒకే రకంతో సరిపెట్టకండి, రెండూ కలపండి. కోత పళ్ల గుజ్జు చిక్కదనం ఇస్తుంది, రసం పండు ఒకటి కలిస్తే వాసన వస్తుంది. పైన అలంకరణకు వేసే ముక్కలు మాత్రం కోత పండువే వేయండి, అది కూడా మరీ మెత్తబడనిది.

కోసే ముందు పళ్లను అరగంట నీళ్లలో నానబెట్టి, ముచ్చిక దగ్గర చిన్న చెక్క కోసి పారేసి, అక్కడ కారే సొనను కడిగేయండి. సొన చేతికో పెదవికో తగిలితే కొందరికి దురద, మంట వస్తాయి. ఇంట్లో ఎవరికైనా మామిడి తొక్క తగిలితే దద్దుర్లు వచ్చే అలవాటుంటే తొక్క తీసే పని వాళ్లకు అప్పజెప్పకండి.

గుజ్జు తీయడం ఓపిగ్గా చేయాల్సిన పని. టెంకకు రెండు వైపులా చెంపలు కోసి, చెంచాతో కండ తీసేయండి, టెంక చుట్టూ మిగిలినదాన్ని కత్తి వెనక వైపుతో గీకండి. టెంక పక్కన ఉన్నదాన్ని వదిలేస్తే నష్టమే. కిలో పళ్లకు తొక్క, టెంక పోగా సుమారు 600 గ్రాముల గుజ్జు వస్తుంది, టెంక పెద్దదైతే ఇంకాస్త తక్కువ. మిక్సీలో నీళ్లు పోయకండి, చెంచాడు కూడా వద్దు. ఆపి ఆపి నాలుగైదు సార్లు తిప్పండి చాలు, అదేపనిగా తిప్పితే గాలి చేరి గుజ్జు నురగలా తేలిపోతుంది, రంగు కూడా పాలిపోతుంది. తర్వాత జల్లెడలో పోసి గరిటె వెనక భాగంతో రుద్దండి. ఈ ఒక్క మెట్టే చాలామంది వదిలేస్తారు, తీరా పుడ్డింగ్ తింటుంటే పళ్ల సందుల్లో పీచు ఇరుక్కుంటుంది. జల్లెడలో మిగిలిన పీచు చూస్తే మీకే అర్థమవుతుంది ఎందుకు చెప్తున్నానో.

ఇప్పుడు రుచి చూడండి. పంచదార ఎంత అన్నది ఇక్కడే తేలాలి, ఏ రెసిపీలో ఎంత రాసి ఉన్నా సరే, ఎందుకంటే ఒక పండుకీ ఇంకో పండుకీ తీపిలో చాలా తేడా ఉంటుంది. ఒక విషయం గుర్తుపెట్టుకోండి, చల్లబడేకొద్దీ నాలుకకు తీపి తక్కువగా తెలుస్తుంది. ఫ్రిజ్‌లో పెట్టి తినేదైతే ఇప్పుడు సరిగ్గా ఉన్నదానికంటే ఒక పిసరు ఎక్కువ తీపి ఉండాలి, గడ్డకట్టించి తినేదైతే ఇంకొంచెం ఎక్కువ ఉండాలి. చిటికెడు ఉప్పు, అర చెంచా నిమ్మరసం వేసి మళ్లీ రుచి చూడండి, చప్పగా ఉన్న పండు కూడా ఒక్కసారిగా లేచి నిలబడుతుంది. ఏలకుల పొడి, కుంకుమపువ్వు వేస్తే మాత్రం లెక్కగా వేయండి. నాకైతే మంచి పండు దొరికినప్పుడు రెండూ వేయబుద్ధి కాదు.

అన్నిటికంటే తేలిగ్గా అయ్యేది పెరుగుతో. లీటరు గట్టి పెరుగును పలుచని బట్టలో మూటగట్టి, కింద గిన్నె పెట్టి రాత్రంతా ఫ్రిజ్‌లోనే వేలాడదీయండి (బయట పెడితే పులిసిపోతుంది). పొద్దునకు నీళ్లన్నీ దిగి, వెన్న లాంటి ముద్ద మిగులుతుంది. రెండు కప్పుల ముద్దకు ఒక కప్పు గుజ్జు, పావు నుంచి అర కప్పు పొడి చేసిన పంచదార కలపండి. పంచదార పొడి కొట్టే వేయాలి, పలుకులుగా వేస్తే నోటికి గరగరలాడుతుంది. కవ్వంతోనో చెంచాతోనో చేత్తోనే కలపండి, మిక్సీలో వేశారంటే పెరుగు ముద్ద జారిపోయి లస్సీ అయి కూర్చుంటుంది. గంట చల్లబెట్టి పైన ముక్కలు వేసి ఇవ్వండి. పొయ్యి వెలిగించే పనే లేదు కాబట్టి పిల్లలతో చేయించడానికి ఇదే మంచిది.

పాలతో చేసేవాటిలో ఒక ప్రమాదం ఉంది. మామిడిలో ఆమ్లం ఉంటుంది, ఎంత తియ్యటి పండైనా సరే. పొయ్యి మీద పాలు మరుగుతుండగా గుజ్జు పోస్తే ముందు ఏమీ కానట్టే ఉంటుంది, కాసేపటికి అంచుల్లో సన్నని రవ్వలాంటి పలుకులు కనపడతాయి, గరిటె తిప్పేకొద్దీ పాలు విడిపోయి పసుపురంగు నీళ్లు తేలతాయి. అప్పుడిక చేసేదేమీ లేదు. పాలు చిక్కబడ్డాక దించి, పూర్తిగా చల్లార్చి, వీలైతే ఫ్రిజ్‌లో పెట్టి, అప్పుడే చల్లటి గుజ్జు కలపాలి. పాయసం చేసినా, కస్టర్డ్ చేసినా, సగ్గుబియ్యంతో చేసినా ఇదే పద్ధతి. సగ్గుబియ్యాన్ని విడిగా ఎక్కువ నీళ్లలో ఉడికించి, మధ్యలో సూదిమొన అంత తెల్లచుక్క మిగిలినప్పుడు దించి మూత పెట్టేయండి, ఆ వేడికే చుక్క పోతుంది, తర్వాత చన్నీళ్లలో కడిగితే ఒకదానికొకటి అంటుకోవు. కొబ్బరిపాలు, గుజ్జు, పంచదార కలిపి అందులో వేసుకోవడమే.

పుడ్డింగ్ గట్టిపడడానికి జంతువుల నుంచి తీసే జెలటిన్ కన్నా అగర్ అగర్ మేలంటాను. చైనా గ్రాస్ అని అమ్మేది ఇదే, సముద్రపు నాచు నుంచి తీస్తారు కాబట్టి శాకాహారులు కూడా తినొచ్చు, గది వేడిమికి కరగదు కూడా. రెండు కప్పుల గుజ్జు, ఒక కప్పు కొబ్బరిపాలు, ఒక కప్పు నీళ్లు, చెంచాన్నర అగర్ పొడి, రుచికి తగ్గ పంచదార తీసుకోండి. అగర్‌ను చన్నీళ్లలో కలిపి పొయ్యి మీద పెట్టి, తిప్పుతూ, పూర్తిగా మరిగాక ఇంకో రెండు నిమిషాలు ఉంచాలి. గోరువెచ్చగా అయితే సరిపోదు, బాగా మరిగితేనే అది కరుగుతుంది. పంచదార, కొబ్బరిపాలు అందులో వేసి వేడిచేసి దించండి. గుజ్జును అగర్‌తో కలిపి మరిగించొద్దు, పులుపు తగిలి మరిగితే అగర్ పట్టు తగ్గుతుంది.

అసలు జాగ్రత్త ఇక్కడుంది. గుజ్జు ఫ్రిజ్‌లోంచి తీసింది కాకూడదు. అగర్ సుమారు 40 డిగ్రీల దగ్గరే గట్టిపడడం మొదలుపెడుతుంది కాబట్టి చల్లటి గుజ్జు తగలగానే అక్కడికక్కడే ఉండలు కట్టేస్తుంది. గుజ్జును గంట ముందే బయటపెట్టి, వేడి అగర్‌ను సన్నని ధారగా పోస్తూ గబగబా కలపాలి, గట్టిపడకముందే గిన్నెల్లో పోసేయాలి. కంపెనీని బట్టి అగర్ బలం మారుతుంది, అందుకని గిన్నెల్లో పోసేముందు ఒక చెంచాడు చల్లటి పళ్లెంలో వేసి రెండు నిమిషాలు ఫ్రిజ్‌లో పెట్టి చూడండి, మిగతాది ఈలోగా సన్నటి సెగ మీద వెచ్చగా ఉంచండి. రబ్బరులా ఉంటే కాస్త కొబ్బరిపాలు వేడిచేసి కలపండి, జారుగా ఉంటే అర చెంచా అగర్‌ను విడిగా కొద్ది నీళ్లలో మరిగించి కలపండి. పుడ్డింగ్ చెంచాతో తీస్తే వణకాలి, కొయ్యముక్కలా తెగకూడదు.

ఐస్‌క్రీమ్‌కు మెషిన్ అక్కర్లేదు కానీ ఓపిక కావాలి. గుజ్జులో ఉన్న నీళ్లే ఫ్రీజర్‌లో మంచు పలుకులై నోట్లో కరకరలాడతాయి, కాబట్టి ముందు ఆ నీళ్లు తగ్గించాలి. రెండు కప్పుల గుజ్జును అడుగు మందంగా ఉన్న వెడల్పాటి గిన్నెలో సన్నటి సెగ మీద పెట్టి, అడుగంటకుండా కలుపుతూ, సగానికి తీసుకురండి. చిక్కబడేకొద్దీ చిటపట మీదకు ఎగురుతుంది, పొడుగు గరిటె వాడండి. ఇలా ఉడికిస్తే తాజా పండు వాసన కొంత పోతుంది, అది ఒప్పుకోవాల్సిందే, అందుకని చల్లారాక రెండు చెంచాల ఉడికించని గుజ్జు కలిపితే ఆ వాసన తిరిగొస్తుంది.

క్రీమ్ కొనేటప్పుడు ప్యాకెట్ మీద కొవ్వు శాతం చదవండి. 30 కంటే తక్కువుంటే ఎంత గిలక్కొట్టినా నిలబడదు, 35 ఉంటే హాయి. క్రీమ్, గిన్నె, కవ్వం మూడూ చల్లగా ఉండాలి. రెండు కప్పుల క్రీమ్‌ను గిలక్కొట్టి, కవ్వం పైకి తీస్తే కొన నిలబడి కొద్దిగా వంగే దశలో ఆపేయండి, ఇంకా కొడితే వెన్న పడుతుంది. చల్లారిన గుజ్జులో 400 గ్రాముల కండెన్స్‌డ్ మిల్క్ డబ్బాలో ముప్పావు వంతు కలిపి, రుచి చూసి, చాలకపోతే మిగతాది వేసి, ఆ మిశ్రమాన్ని క్రీమ్‌లో మూడు విడతలుగా కింది నుంచి పైకి తిప్పుతూ నెమ్మదిగా కలపండి. లోతు తక్కువున్న డబ్బాలో పోసి, పైన ఖాళీ లేకుండా ప్లాస్టిక్ షీట్ ఆనించి మూతపెట్టి, ఎనిమిది గంటలు ఫ్రీజర్‌లో పెట్టండి. తినే ముందు పది నిమిషాలు బయట ఉంచండి.

క్రీమ్ వద్దనుకునేవాళ్లకు ఇంకా సులువైనది ఉంది. ముక్కల్ని పళ్లెంలో విడివిడిగా పరిచి గడ్డకట్టించి, తినాలనుకున్నప్పుడు కొంచెం పెరుగు, నిమ్మరసంతో మిక్సీలో తిప్పి వెంటనే వడ్డించేయండి. మళ్లీ ఫ్రీజర్‌లో పెడితే రాయి అవుతుంది.

ఇంట్లో షుగర్ ఉన్నవాళ్లుంటే వాళ్ల వాటా పంచదార కలపకముందే విడిగా తీసిపెట్టండి. అయినా 100 గ్రాముల పండులోనే దాదాపు 14 గ్రాముల చక్కెర ఉంటుంది, కాబట్టి వాళ్ల గిన్నె చిన్నదిగా ఉండడమే మంచిది, పెరుగుతో చేసినదైతే ఇంకా నయం. ఏడాది నిండని పిల్లలకు తేనె కలిపినవి పెట్టకూడదు. చిన్నపిల్లలకు ముక్కలు గొంతుకు అడ్డంపడకుండా బాగా సన్నగా తరిగో, చిదిపో ఇవ్వండి. పాలు పడనివాళ్లకు కొబ్బరిపాల పుడ్డింగ్ ఉండనే ఉంది.

పెరుగుతో చేసినది రెండు రోజుల్లో తినేయాలి. పుడ్డింగ్ మూడు రోజులుంటుంది కానీ రోజురోజుకీ నీరు వదులుతుంది. పళ్లు ఎక్కువగా వచ్చి ఒకేసారి మగ్గిపోతుంటే హడావిడిగా అన్నీ వండేయకండి, గుజ్జు తీసి, కిలోకు రెండు చెంచాల నిమ్మరసం కలిపి, జిప్ కవర్లలో ఒక్కోదానికి ఒక కప్పు చొప్పున వేసి, గాలి తీసేసి, పలకల్లా పల్చగా పరిచి ఫ్రీజర్‌లో పెట్టుకోండి. పల్చగా ఉంటే త్వరగా గడ్డకడుతుంది, త్వరగా కరుగుతుంది, చోటూ కలిసొస్తుంది. కవర్ మీద తేదీ, పంచదార వేశారో లేదో రాయండి. ఆరు నెలల దాకా వాడుకోవచ్చు. వాడే ముందు రోజు రాత్రి ఫ్రిజ్‌లోకి మార్చండి, కరిగాక నీళ్లు పైకి తేలి కనపడితే కంగారు పడకుండా ఒకసారి కలిపేయండి. ఐస్‌క్రీమ్‌కైతే ఆ తేలిన నీళ్లను వంపేయండి, ఉడికించే పని కొంత తగ్గుతుంది.