వ్యూ తెరుచుకోనప్పుడు ముందు చూడాల్సింది ఓనర్ ఎవరని

ఒడిశాలోని రాయగడలో హెడ్ ఆఫీసు, గుణుపురంలోనూ పర్లాకిమిడిలోనూ బ్రాంచీలు, బరంపురంలో గోదాము ఉన్న ఒక హోల్‌సేల్ వ్యాపారాన్ని తీసుకుందాం. డేటాబేస్ సర్వరు ఒక్కటే. బ్రాంచి గుమాస్తాకి అమ్మకాల టేబుల్ మొత్తం చూపించరు. కొన్న ధర, లాభం కాలమ్‌లు తీసేసి, వాళ్ల బ్రాంచి వరసలు మాత్రమే వచ్చేలా ఒక వ్యూ (టేబుల్‌లా కనిపించే, సేవ్ చేసిన క్వెరీ) కట్టి ఇస్తారు. ఆ వ్యూ ఒక పొద్దున "పర్మిషన్ డినైడ్" అంటుంది. ఫోన్ల మీద ఫోన్లు వస్తుంటే, అసలు టేబుల్ మీదే గుమాస్తాకి సెలెక్ట్ (చదివే) హక్కు ఇచ్చేసి పని కానిద్దామనిపిస్తుంది. దయచేసి ఆ పని చేయకండి. గుమాస్తా టేబుల్‌ని నేరుగా చదవగలడు కానీ, దాంతోపాటు కొన్న ధర కూడా బయటపడుతుంది. అసలు లోపమేమో ఉన్నచోటే ఉండిపోతుంది.

కింద పోస్ట్‌గ్రెస్, మైఎస్‌క్యూఎల్, ఒరాకిల్ అనే డేటాబేస్‌ల కమాండ్లు తెలుగు లిపిలో రాశాం. టైప్ చేసేటప్పుడు మామూలుగా ఇంగ్లిష్ అక్షరాల్లోనే కొట్టాలి.

పోస్ట్‌గ్రెస్

ఎర్రర్ మెసేజ్‌ని చివరి మాట దాకా చదవండి. కోడ్ 42501 వస్తే అది హక్కుల సమస్యే. దేని మీద హక్కు లేదో మెసేజ్‌లోనే ఉంటుంది: "ఫర్ వ్యూ", "ఫర్ టేబుల్", "ఫర్ స్కీమా", "ఫర్ ఫంక్షన్". వెర్షన్ 11కి ముందు వ్యూకీ టేబుల్‌కీ కలిపి "రిలేషన్" అనే వచ్చేది కాబట్టి, పాత సర్వర్లలో ఆ పేరు వ్యూదో టేబుల్‌దో మీరే చూసుకోవాలి.

"ఫర్ వ్యూ" అంటే గుమాస్తా రోల్‌కి (డేటాబేస్‌లో అతని అకౌంట్‌కి) వ్యూ మీద సెలెక్ట్ లేదు. ఒక్క గ్రాంట్‌తో (హక్కు ఇచ్చే కమాండ్‌తో) తీరిపోతుంది: గ్రాంట్ సెలెక్ట్ ఆన్ శాఖ_అమ్మకాలు టు గుణుపురం_గుమాస్తా. అయితే నిన్నటిదాకా ఉన్న హక్కు ఇవాళ ఎందుకు లేదో తేల్చండి, లేకపోతే వచ్చే నెల మళ్లీ ఇదే గొడవ. మామూలు కారణం, వ్యూకి ఒక కాలమ్ కలపడానికి ఎవరో డ్రాప్ వ్యూ కొట్టి కొత్తగా క్రియేట్ చేయడం. డ్రాప్‌తో పాత గ్రాంట్లన్నీ పోతాయి. క్రియేట్ ఆర్ రీప్లేస్ వ్యూ వాడితే గ్రాంట్లు నిలుస్తాయి, కాకపోతే కొత్త కాలమ్‌ని జాబితా చివర్లోనే చేర్చాలి. సర్వరు మార్చినప్పుడు ఇంకో చిక్కుంది. పీజీ_డంప్ (బ్యాకప్ తీసే టూల్) ఫైల్లో రోల్స్ ఉండవు. కొత్త సర్వర్లో రోల్ లేకపోతే రీస్టోర్ మధ్యలో ఆ గ్రాంట్ లైను ఫెయిలవుతుంది, మిగతాదంతా ఎక్కేస్తుంది. అందుకే ముందు పీజీ_డంప్‌ఆల్‌ని గ్లోబల్స్ ఓన్లీ ఆప్షన్‌తో నడిపి రోల్స్ తెచ్చుకోవాలి.

"ఫర్ టేబుల్" అని వస్తే దారి వేరు. వ్యూ లోపల ఉన్న టేబుల్‌ని చదివేటప్పుడు పోస్ట్‌గ్రెస్ మామూలుగా గుమాస్తా హక్కు అడగదు, వ్యూ ఓనర్ (వ్యూ ఎవరి పేరు మీద ఉందో ఆ రోల్) హక్కు అడుగుతుంది. కాబట్టి గుమాస్తాకి ఎన్ని గ్రాంట్లు ఇచ్చినా, ఓనర్‌కి టేబుల్ మీద సెలెక్ట్ లేకపోతే తలుపు తీయదు. పీజీ_వ్యూస్ కేటలాగ్‌లో వ్యూఓనర్ కాలమ్ చూడండి. ఆ పేరుతో హ్యాస్_టేబుల్_ప్రివిలేజ్ ఫంక్షన్ పిలవండి: మొదట ఓనర్ పేరు, తర్వాత టేబుల్ పేరు, చివర సెలెక్ట్. "ఎఫ్" (అంటే హక్కు లేదు) వచ్చిందంటే లోపం దొరికినట్టే. వ్యూ మీద వ్యూ కట్టి ఉంటే ఒక్కో అంతస్తుకీ ఇదే చూడాలి, ఎందుకంటే పై వ్యూ ఓనర్‌కి కింది వ్యూ మీద హక్కు ఉండాలి.

గ్రాంట్లు చూడ్డానికి పోస్ట్‌గ్రెస్ కమాండ్ లైను టూల్ పీఎస్‌క్యూఎల్‌లో బ్యాక్‌స్లాష్ డీపీ చాలు. అక్కడ "గుణుపురం_గుమాస్తా=ఆర్/రాయగడ_అడ్మిన్" లాంటి వరస కనిపిస్తుంది. ఎడమవైపు హక్కు పొందినవాడు, గీత తర్వాత ఇచ్చినవాడు. ఆర్ అంటే చదవడం, ఏ అంటే చేర్చడం, డబ్ల్యూ అంటే మార్చడం, డీ అంటే తీసేయడం. సమానం గుర్తుకి ఎడమవైపు ఖాళీగా ఉంటే ఆ హక్కు పబ్లిక్‌ది, అంటే అందరిదీ. అలాంటి వరస కనిపిస్తే వెంటనే కారణం వెతకండి.

వ్యూలో పిలిచే ఫంక్షన్లకి మాత్రం ఓనర్ నియమం వర్తించదు. అవి మామూలుగా క్వెరీ నడిపే మనిషి పేరుతోనే నడుస్తాయి. వ్యూలో ఎక్కడా లేని టేబుల్ పేరు ఎర్రర్‌లో వస్తే, కింద కాంటెక్స్ట్ లైను చూడండి. పీఎల్‌పీజీఎస్‌క్యూఎల్ (పోస్ట్‌గ్రెస్ సొంత ప్రోగ్రామింగ్ భాష) ఫంక్షన్ పేరు, లైను నంబరు అక్కడే ఉంటాయి.

"రిలేషన్ లేదు" అనే 42P01 కూడా కొన్నిసార్లు హక్కుల సమస్యే. స్కీమా (టేబుళ్లని గుంపుగా ఉంచే విభాగం) మీద యూసేజ్ (వాడే హక్కు) లేకపోతే సెర్చ్_పాత్‌లో (పేర్లు వెతికే స్కీమాల జాబితాలో) ఆ స్కీమాని పోస్ట్‌గ్రెస్ చప్పుడు చేయకుండా దాటేస్తుంది. స్కీమా పేరు ముందు పెట్టి మళ్లీ నడిపితే అసలు ఎర్రర్ బయటికొస్తుంది.

ఎర్రర్ లేకుండా ఖాళీ వస్తే

ఈ ప్రాంతంలో దీన్ని ప్రత్యేకంగా చూసుకోవాలి. వ్యూలో బ్రాంచి పేరుతో వడపోత ఉంటుంది. మనం బరంపురం అంటాం, సర్కారు కాగితాల్లో బ్రహ్మపూర్ ఉంటుంది. గుణుపురం, గుణుపూర్ సంగతీ అంతే. యూజర్ల టేబుల్‌లో ఒక పేరు, అమ్మకాల్లో ఇంకో పేరు పడితే వరసలు సున్నా. గ్రాంట్లతో ఎంత కుస్తీ పట్టినా లాభం లేదు. బ్రాంచికి అంకెల్లో కోడ్ పెట్టి దాంతోనే టేబుళ్లని జాయిన్ చేయండి (కలపండి).

ఎక్కువ వరసలు కనిపించడం ఇంకా ప్రమాదం. టేబుల్ మీద రో లెవెల్ సెక్యూరిటీ (ఎవరికి ఏ వరసలు కనిపించాలో చెప్పే పాలసీ) పెట్టినా, వ్యూ ఓనర్ టేబుల్ ఓనర్ ఒకరే అయితే మామూలుగా పాలసీ పనిచేయదు, పర్లాకిమిడి వాళ్లకి గుణుపురం లెక్కలు కనిపిస్తాయి. 2022లో వచ్చిన వెర్షన్ 15 నుంచి వ్యూకి సెక్యూరిటీ_ఇన్వోకర్ ఆప్షన్ ఉంది. అది పెడితే పాలసీ, హక్కు రెండూ గుమాస్తా పేరుతోనే చూస్తుంది. అప్పుడు గుమాస్తాకి టేబుల్ మీద కూడా సెలెక్ట్ కావాలి కాబట్టి, టేబుల్ మొత్తం ఇవ్వకుండా వ్యూ వాడే కాలమ్‌ల పేర్లు రాసి వాటి మీదే గ్రాంట్ ఇవ్వండి. కొన్న ధర కాలమ్ ఆ జాబితాలో ఉండకూడదు.

మైఎస్‌క్యూఎల్

ఇక్కడ ఓనర్ పాత్ర డిఫైనర్‌ది (వ్యూ ఎవరి పేరుతో కట్టారో ఆ అకౌంట్‌ది). ఏమీ చెప్పకపోతే వ్యూ డిఫైనర్ హక్కులతోనే నడుస్తుంది. ఎర్రర్ నంబరు 1142 అంటే గుమాస్తాకి వ్యూ మీద హక్కు లేదు. 1449 అంటే డిఫైనర్ అకౌంటే లేదు. వ్యూ కట్టిన ఉద్యోగి మానేశాక అతని అకౌంట్ తీసేసినా, మైఎస్‌క్యూఎల్‌డంప్ ఫైల్ వేరే సర్వర్లో ఎక్కించినా ఇదే వస్తుంది, ఎందుకంటే డంప్ డిఫైనర్ పేరుని కూడా మోసుకొస్తుంది. 1356లో టేబుల్ లేదా కాలమ్ పేరు మారి ఉండొచ్చు, డిఫైనర్ హక్కు పోయి ఉండొచ్చు. మెసేజ్ రెంటికీ ఒకటే, కాబట్టి ముందు టేబుల్‌నీ కాలమ్‌లనీ సరిచూసి, తర్వాత డిఫైనర్‌కి షో గ్రాంట్స్ కొట్టండి.

వ్యూలని మనుషుల అకౌంట్ల మీద కట్టకండి. వాటికోసమే ఒక అకౌంట్ తెరిచి, అవసరమైన సెలెక్ట్‌లు ఇచ్చి, లాక్ చేసేయండి. లాక్ చేసిన అకౌంట్‌తో లాగిన్ కుదరదు, డిఫైనర్‌గా మాత్రం పనిచేస్తుంది. పోస్ట్‌గ్రెస్‌లో ఇదే పనికి నోలాగిన్ రోల్ ఉంది.

ఎవరు వాడుతున్నారో చెప్పే కరెంట్_యూజర్‌తో జాగ్రత్త. పోస్ట్‌గ్రెస్ వ్యూలో అది క్వెరీ నడిపే మనిషి. మైఎస్‌క్యూఎల్ డిఫైనర్ వ్యూలో మాత్రం డిఫైనర్ పేరే ఇస్తుంది, బ్రాంచి వడపోత తలకిందులవుతుంది. అక్కడ యూజర్ ఫంక్షన్ వాడాలి.

మైఎస్‌క్యూఎల్‌లో అకౌంట్ అంటే పేరు, హోస్ట్ (ఏ మెషీన్ నుంచి వస్తున్నారో అది) కలిపి. హెడ్ ఆఫీసులో లోకల్‌హోస్ట్‌కి ఇచ్చిన గ్రాంట్ గుణుపురం నుంచి వచ్చే కనెక్షన్‌కి చెల్లదు. బ్రాంచి మెషీన్ మీదే సెలెక్ట్ కరెంట్_యూజర్ కొడితే ఏ అకౌంట్‌గా లోపలికొచ్చారో తెలుస్తుంది. వెర్షన్ 8లో రోల్ ఇచ్చి ఊరుకుంటే సరిపోదు, సెట్ డిఫాల్ట్ రోల్ కూడా కొట్టాలి.

ఒరాకిల్‌లో అయితే వ్యూ ఓనర్‌కి టేబుల్ హక్కు రోల్ ద్వారా వస్తే లెక్కలోకి రాదు. నేరుగా, విత్ గ్రాంట్ ఆప్షన్‌తో ఇవ్వాలి.

సరిచేశాక అడ్మిన్ లాగిన్‌తో చూసి అయిపోయిందనుకోవద్దు, సూపర్‌యూజర్‌కి సొంత గ్రాంట్లు లేకపోయినా తెరుచుకుంటాయి. పోస్ట్‌గ్రెస్‌లో సెట్ రోల్ గుణుపురం_గుమాస్తా కొట్టి రెండు క్వెరీలు నడపండి. వ్యూ మీద సొంత బ్రాంచి వరసలే రావాలి, టేబుల్ నుంచి కొన్న ధర అడిగితే 42501 రావాలి. వ్యూలో సెషన్_యూజర్ (లాగిన్ అయిన పేరు) వాడి ఉంటే సెట్ రోల్ దాన్ని మార్చదు, ఆ పరీక్ష గుమాస్తా లాగిన్‌తోనే చేయాలి.