కూలీ నుంచి మేస్త్రీ దాకా – 4వ పాఠం: మూల ఎత్తడం

పోయిన పాఠంలో మాలు లెక్క, అంటే సిమెంటు, ఇసుక, నీళ్లు కలిపే లెక్క చూశాం. తొమ్మిది అంగుళాల గోడకు సిమెంటు ఒకటికి ఇసుక ఆరు, నాలుగున్నర అంగుళాల గోడకు ఒకటికి నాలుగు, నీళ్లు పోసిన అరగంటలోపు వాడేయాలి. ఏళ్ల తరబడి మాలు కలుపుతున్న మీకు అది కొత్త సంగతి కాదు, లెక్క కాగితం మీదికి వచ్చింది, అంతే. ఈ పాఠంలో ఉన్నది మాత్రం చాలామందికి ఎవరూ నేర్పనిది.

సైటులో గోడ ఎలా లేస్తుందో ఒకసారి గుర్తు చేసుకోండి. మేస్త్రీ పొద్దున్నే రెండు చివర్లా మూలలు ఎత్తుతాడు. ఈ మూల నుంచి ఆ మూలకు దారం కడతాడు. ఇక మధ్యలో ఇటుకలు దారం వెంట పేర్చుకుంటూ పోవడమే. ఆ మధ్య పని చేయి తిరిగిన కూలీ ఎవరైనా కొద్ది రోజుల్లో పట్టేస్తారు, ఎందుకంటే తప్పు పోతే దారమే చెప్తుంది. మూల దగ్గర దారం ఉండదు. అక్కడ గుండు (దారానికి వేలాడే బరువు), మట్టం, మన చూపు, ఇంతే. మూల అర అంగుళం వాలితే దాన్ని పట్టుకుని గోడంతా వాలుతుంది. అందుకే మేస్త్రీలు మూలను ఒకపట్టాన ఎవరికీ ఇవ్వరు. మూల ఎత్తగలిగిన రోజే మీరు మేస్త్రీ.

నేను నాలుగేళ్లు తట్ట మోశాక ఒకరోజు మధ్యాహ్నం మా మేస్త్రీ అన్నానికి వెళ్లినప్పుడు ధైర్యం చేసి ఎనిమిది వరసల మూల కట్టేశాను. కంటికి బ్రహ్మాండంగా ఉంది. ఆయన వచ్చి గుండు వేలాడదీస్తే గుండుకీ గోడకీ మధ్య నా బొటనవేలు పట్టింది. తిట్టలేదు. "ఎక్కడ తప్పిందో చెప్పరా" అన్నాడు. నాకు తెలియలేదు. పైనుంచి ఒక్కో ఇటుకా తీయించాడు. మూడో వరస దగ్గర ఆపి చూపించాడు. అక్కడ గోడ లోపలి వైపు మాలు మందంగా, బయటి వైపు పలచగా పడింది. ఆ ఒక్క వరస బయటికి తలవంచితే, పై ఐదు వరసలూ దాని వెంటే వెళ్లాయి. మూల ఎనిమిదో వరసలో తప్పదు, కింద ఎప్పుడో తప్పి ఎనిమిదో వరసలో కనబడుతుంది. అందుకని నేర్చుకునే రోజుల్లో ప్రతి వరసకూ గుండు పెట్టండి. టైమ్ పోతుందని టెన్షన్ పడొద్దు.

ఇప్పుడు చేతిపని. సిమెంటు వద్దు, మట్టి అడుసు చాలు. కట్టింది విప్పి మళ్లీ కట్టుకోవచ్చు. 21 ఇటుకలు, తాపీ, గుండు, రసమట్టం (బుడగ ఉండే మట్టం), టేపు, వంకర లేని ఒక చెక్క బద్ద సిద్ధం చేసుకోండి. ఇటుకల్ని ముందే నీళ్లలో వేసి బుడగలు ఆగేదాకా ఉంచి తీయండి. పొడి ఇటుక మాలులోని నీళ్లు పీల్చేస్తుంది, అప్పుడు సిమెంటు గట్టిపడడానికి తడి మిగలదు. అడుసుతో కడుతున్నా ఈ అలవాటు ఇప్పుడే పడాలి.

ముందు నేల మీద మూలమట్టం, అంటే మూల సరిగ్గా 90 డిగ్రీలు ఉందో లేదో చూడాలి. మూల అనుకున్న చోట ఒక మేకు కొట్టి రెండు దారాలు లాగండి. ఒక దారం మీద మూల నుంచి 3 అడుగులకు గుర్తు, రెండో దారం మీద 4 అడుగులకు గుర్తు. ఆ రెండు గుర్తుల మధ్య ఏటవాలుగా టేపు పెడితే సరిగ్గా 5 అడుగులు రావాలి. ఎక్కువొస్తే మూల విచ్చుకుంది, తక్కువొస్తే ముడుచుకుంది. నిజం ఇంటికి వేసేటప్పుడు 6, 8, 10 అడుగులు తీసుకోండి. కొలత పెద్దదయ్యేకొద్దీ టేపు పట్టుకోవడంలో జరిగే చిన్న తప్పు మూలను అంతగా చెడగొట్టదు.

ఇక మొదటి వరస. ఒక దారం వెంట మూల ఇటుకతో కలిపి 3 ఇటుకలు పొడవుగా పెట్టండి. మూల ఇటుక పక్క ముఖానికి ఆనించి రెండో దారం వెంట ఇంకో 3 పెట్టండి. మొత్తం ఆరు. రెండో వరసలో మూల ఇటుకను అటు తిప్పి రెండో దారం వైపు పొడవుగా వేయండి. అప్పుడు కింది సందు మీద పై సందు రాదు. ఈ వరసకు ఐదే ఇటుకలు పడతాయి, రెండు వైపులా అర ఇటుక చొప్పున లోపలికి తగ్గుతుంది. మూడో వరసకు నాలుగు, ఆ పైన మూడు, రెండు, చివరికి ఒకటి. 6, 5, 4, 3, 2, 1, కలిపితే 21. మెట్లలా దిగిన మూల తయారవుతుంది. ఆ మెట్ల అంచుల మీద బద్దను ఏటవాలుగా ఆనిస్తే అన్ని అంచులూ తగలాలి. ఏదైనా ఇటుక బద్దను ఎత్తేస్తున్నా, కిందే ఆగిపోయినా ఆ వరస పొడవు తేడా వచ్చినట్టే.

ఇటుక మీద పేరు ముద్ర ఉన్న గుంట పైకి ఉండాలి. నిలువు సందుల్లో కూడా మాలు నిండాలి. పైపైన పూసి వదిలేసిన సందులోంచే వానకాలం చెమ్మ లోపలికి వస్తుంది.

గుండు చూడడం దగ్గర చాలామంది తడబడతారు. గుండుతో పాటు వచ్చే చెక్క వెడల్పు, గుండు మందం ఒకటే ఉంటాయి. చెక్కను పై వరసకు అదిమిపట్టి దారం వదలండి. గుండు గోడకు తగిలీ తగలనట్టు, మధ్యలో వెంట్రుక పట్టేంత సందుతో వేలాడితే తూకం కుదిరింది. గుండు గోడకు దూరంగా ఉంటే గోడ పైభాగం మీ వైపు వాలింది. గుండు గోడకు ఒరుసుకుని దారం వంగితే పైభాగం అవతలికి వాలింది. గాలికి గుండు ఊగుతుంటే ఊపిరి బిగబట్టి నిలబడక్కర్లేదు, కిందొక బకెట్‌లో నీళ్లు పెట్టి గుండును అందులోకి దించితే నిమిషంలో నిలకడకొస్తుంది. అలా ముంచినప్పుడు గోడకీ దారానికీ మధ్య దూరాన్ని పైనా కిందా టేపుతో కొలిచి చూసుకోండి. మూలకు రెండు ముఖాలు. రెండు వైపులా చూడాలి. నేను ఆరోజు ఒక ముఖం కూడా చూడలేదు.

వరసల ఎత్తుకు ఒక కర్ర మీద గుర్తులు పెట్టుకోండి. 9 సెంటీమీటర్ల ఎత్తున్న ఇటుకకు 1 సెంటీమీటరు మాలు కలిపితే వరసకు 10, పది వరసలకు మీటరు. మీ ఊరి ఇటుక కొలత వేరైతే పది ఇటుకలు కొలిచి సగటు తీసి గుర్తులు పెట్టండి. నిజం గోడను రోజుకు మీటరు ఎత్తుకు మించి లేపొద్దు. పచ్చి మాలు మీద బరువు పెరిగితే గోడ కదులుతుంది.

మాలు మోసే అక్కలకు, చెల్లెళ్లకు ఒక మాట. అడ్డా మీద మిమ్మల్ని మోతకే పిలుస్తారు, తాపీ చేతికివ్వరు. ఈ 21 ఇటుకల్లో కండబలంతో పనేమీ లేదు. ఇంటి వెనకాల కట్టి, మీ మేస్త్రీని పిలిచి గుండు పెట్టి చూడమనండి. గోడ తూకంలో ఉంటే కాదనడానికి ఏముంటుంది?

కాగితం సంగతి క్లుప్తంగా. చేతిలో పని ఉండి సర్టిఫికెట్ లేనివాళ్లకు పని చేయించి చూసి ఇచ్చే ఆర్‌పీఎల్ (రికగ్నిషన్ ఆఫ్ ప్రయర్ లెర్నింగ్, ముందే వచ్చిన పనికి గుర్తింపు) పద్ధతి ఉంది. 1998లో హైదరాబాద్‌లో మొదలైన న్యాక్ (నేషనల్ అకాడమీ ఆఫ్ కన్‌స్ట్రక్షన్)లో తాపీపనికి శిక్షణ ఉంది. గడచిన పన్నెండు నెలల్లో 90 రోజులు పని చేసిన 18–60 ఏళ్ల వాళ్లు భవన నిర్మాణ కార్మికుల బోర్డులో పేరు రాయించుకోవచ్చు. గల్ఫ్‌కు వెళ్లే తమ్ముళ్లు ఒప్పంద కాగితంలో హెల్పర్ అని ఉందా, మేసన్ (తాపీ మేస్త్రీ) అని ఉందా చూసుకుని సంతకం పెట్టండి. కాగితంలో హెల్పర్ అని రాసుకుని అక్కడ మూలలు ఎత్తినా, జీతం హెల్పర్‌దే ఇస్తారు.

ఈ వారం ఆ మూల కట్టి విప్పండి, మళ్లీ కట్టండి, కనీసం ఐదుసార్లు. తేడా వస్తే ఏ వరసలో వచ్చిందో విప్పేటప్పుడే వెతికి పుస్తకంలో రాసుకోండి. వచ్చే పాఠంలో రెండు మూలల మధ్య దారం కడతాం. దానికి ఇంకో 21 ఇటుకలు, నైలాన్ దారం, రెండు మేకులు కావాలి.