కుక్కర్‌లో బార్బెక్యూ రిబ్స్ తేడా కొడితే: ఎందుకలా అయింది, ఏం చేయాలి

రిబ్స్ (పంది పక్కటెముకల మాంసం) పాడైపోయాయి అనుకుని వదిలేసేవాళ్ళలో చాలామందివి నిజానికి పాడవ్వలేదు, ఇంకా ఉడకలేదు అంతే. ఎలక్ట్రిక్ ప్రెషర్ కుక్కర్‌లో లెక్కపెట్టడానికి విజిల్స్ ఉండవు, మధ్యలో మూత తీసి నొక్కి చూడ్డానికీ లేదు, దాంతో టైమ్ అయిపోగానే ఒక ముక్క కొరికి గట్టిగా ఉందే, ఎక్కువ ఉడికిపోయిందేమో అనుకుంటాం. నేను మొదటిసారి చేసింది సరిగ్గా ఇదే. మర్నాడు మిగిలినవి వేడి చేద్దామని కాసిని నీళ్ళు పోసి ఇంకో పది నిమిషాలు ప్రెషర్‌లో పెడితే, ఎముక పట్టుకుని అలా తిప్పగానే ఊడి చేతిలోకొచ్చేసింది. అందుకే ముందు మీ ముక్క ఎలా ఉందో చూసుకోండి, రిపేరు తర్వాత.

గట్టిగా ఉంది, కొరికితే రబ్బరులా సాగుతోంది

ఇది తక్కువ ఉడికిన మాంసం. పోర్క్ లోపల 63 డిగ్రీల సెల్సియస్‌కి వచ్చి 3 నిమిషాలు ఆగితే తినడానికి సేఫే, కానీ రిబ్స్ మెత్తబడటం వేరే సంగతి. ఎముకల చుట్టూ, కండ మధ్యలో కొలాజెన్ అనే గట్టి పీచు ప్రోటీన్ బోలెడు ఉంటుంది, అది కరిగి జెల్లీలాంటి జెలటిన్ అయితే తప్ప పళ్ళకి లొంగదు. 70 డిగ్రీలు దాటాక మెల్లగా కరగడం మొదలవుతుంది, వేడి పెరిగేకొద్దీ స్పీడ్ పెరుగుతుంది, 90 నుంచి 95 మధ్యకి వచ్చి కాసేపు అక్కడుంటే బాగా మెత్తబడుతుంది. మామూలు గిన్నెలో నీళ్ళు 100 దగ్గర ఆగిపోతాయి, కుక్కర్‌లో హై ప్రెషర్ మీద దాదాపు 115 దాకా వెళ్తాయి, ఓవెన్‌లో గంటలు పట్టే పని ఇక్కడ అరగంటలో అయ్యేది అందుకే.

మళ్ళీ మూత పెట్టి హై ప్రెషర్‌లో ఇంకో 5 నుంచి 8 నిమిషాలు ఉడికించండి, పెట్టేముందు అడుగున కనీసం ఒక కప్పు నీళ్ళున్నాయో లేదో చూసుకోండి. ఈసారికి టైమ్ ఇలా పెట్టుకోండి: వెన్ను దగ్గరుండే చిన్న ముక్కలు, అంటే బేబీ బ్యాక్ రిబ్స్‌కి 20 నుంచి 25 నిమిషాలు, పొట్ట వైపు మందంగా ఉండే స్పేర్ రిబ్స్‌కి 30 నుంచి 35. ఇది ప్రెషర్ ఎక్కిన తర్వాత టైమ్, ఎక్కడానికి పట్టే 10, 15 నిమిషాలు దీనిలో కలపకూడదు. ఇంకో మాట, ఒక ర్యాక్ (విడదీయని పక్కటెముకల వరస) బదులు రెండు పెట్టినంత మాత్రాన టైమ్ డబుల్ చేయక్కర్లేదు, ప్రెషర్ ఎక్కడానికి ఆలస్యం అవుతుంది అంతే. టైమ్ మందాన్ని బట్టి ఉంటుంది గానీ బరువుని బట్టి కాదు. కాకపోతే ఒకదానికొకటి అతుక్కుని ముద్దలా ఉంటే మధ్యలోకి ఆవిరి వెళ్ళదు, అందుకే ర్యాక్‌ని నిలబెట్టి గిన్నె గోడ వెంబడి గుండ్రంగా చుట్టండి.

ఉడికిందో లేదో ఎముక చివర చూస్తే తెలిసిపోతుంది. మాంసం వెనక్కి జరిగి ఎముక కొస అర అంగుళం దాకా బయటికి కనిపించాలి, రెండెముకల మధ్య టూత్‌పిక్ గుచ్చితే ఎక్కడా పట్టేయకుండా దిగిపోవాలి.

మెత్తగానే ఉంది కానీ నోట్లో పొడిపొడిగా ఉంది

మాంసం పీచులు పీచులుగా విడిపోతూ నమిలితే ఎండు గడ్డిలా ఉందంటే, టైమ్ అవ్వగానే వాల్వ్ తిప్పి ఆవిరి మొత్తం ఒక్కసారే వదిలేసి ఉంటారు. లోపల 100 డిగ్రీలు దాటి వేడెక్కిన మాంసం మీద ప్రెషర్ ఠక్కున తీసేస్తే దానిలో ఉన్న నీళ్ళు అప్పటికప్పుడు ఆవిరైపోయి బయటికి తన్నుకొస్తాయి, రసమంతా దాంతోపాటే పోతుంది. టైమ్ అయ్యాక 15 నిమిషాలు కుక్కర్‌ని ముట్టుకోకుండా వదిలేయండి, తర్వాత మిగిలిన ఆవిరి వదలండి. ఆకలి మీద ఆ 15 నిమిషాలు ఆగడం కష్టమే, నాకు తెలుసు, కానీ మొత్తం వంటలో నేను అస్సలు రాజీపడని చోటు ఇదొక్కటే. ఆ టైమ్‌లో కూడా లోపల ఉడుకుతూనే ఉంటుంది కాబట్టి దాన్నీ వంట టైమ్ కిందే లెక్కేసుకోండి.

ఇప్పటికే ఎండిపోయినవాటిని మళ్ళీ ఉడికిస్తే ఇంకా ఎండుతాయి. ఎముకల నుంచి మాంసం తీసేసి చేత్తో విడదీసి, కుక్కర్ అడుగున మిగిలిన రసాన్ని సగానికి మరిగించి సాస్‌తో కలిపి దానిలో వేయండి. రిబ్స్ కావు, కానీ చక్కగా తినొచ్చు.

ఎత్తబోతే ముక్కలైపోయింది

ఇది ఎక్కువ ఉడకడం. నెక్స్ట్ టైమ్ 5 నిమిషాలు తగ్గించండి. ఈ పూటకి మాత్రం కుక్కర్‌లోంచి వెంటనే లాగకండి, మూత తీసి పది నిమిషాలు వదిలేస్తే కాస్త గట్టిపడుతుంది, తర్వాత కింద వెడల్పాటి గరిటె పెట్టి ట్రేలోకి జరపండి. సాస్ బ్రష్‌తో రుద్దొద్దు, స్పూన్‌తో పైన పోయండి.

కుక్కర్ డిస్‌ప్లేలో బర్న్ అని చూపిస్తోంది

దాదాపు ఎప్పుడూ కారణం బార్బెక్యూ సాసే. చిక్కగా, చక్కెరతో నిండి ఉంటుంది కాబట్టి అడుగున చేరి అంటుకుపోతుంది, వేడి పైకి రాదు, కుక్కర్ ఆగిపోతుంది. క్యాన్సిల్ కొట్టి, ప్రెషర్ పూర్తిగా దిగి మూత మీది చిన్న పిన్ కిందికి పడ్డాకే మూత తీయండి, బలవంతంగా తిప్పొద్దు. రిబ్స్ పక్కన పెట్టి చెక్క గరిటెతో అడుగు గీకి, అంటుకున్నది మరీ నల్లగా ఉంటే కడిగేసి, కొత్తగా ఒక కప్పు నీళ్ళు పోసి స్టాండ్ మీద రిబ్స్ పెట్టండి. సాస్ కుక్కర్‌లోకి వెళ్ళనే కూడదు. నీళ్ళకి బదులు యాపిల్ జ్యూస్‌లో కొంచెం వెనిగర్ కలిపి పోసినా బాగుంటుంది.

ప్రెషర్ ఎక్కట్లేదు, మూత పక్కనుంచి ఆవిరి పోతోంది

మూతలోని రబ్బరు రింగు తీసి చూడండి, ఒక పక్క లేచి ఉంటుంది, లేదా సాగిపోయో పగిలో ఉంటుంది. అది బాగానే ఉంటే ఆవిరి వాల్వ్ ‘సీలింగ్’ (మూసి ఉంచే) వైపు ఉందా అని చూడండి. తొందర్లో మనమే మర్చిపోతాం.

రంగు లేదు, ఉడకబెట్టినట్టుంది, సాస్ జారిపోతోంది

ఇక్కడ కుక్కర్ తప్పేం లేదు. ఆవిరిలో ఎంతసేపు పెట్టినా మాంసం ఎర్రబడదు, పైన తడి ఆరి 140 డిగ్రీలు దాటితేనే ఆ రంగు, ఆ కాలిన వాసన వస్తాయి. మెత్తదనం కుక్కర్‌ది, రుచి బ్రాయిలర్‌ది (ఓవెన్‌లో పైనుంచి నేరుగా వేడి తగిలే సెట్టింగ్) అని రెండు పనులుగా అనుకుంటే సగం తలనొప్పి పోతుంది. బయటికి తీసిన రిబ్స్‌ని పేపర్ టవల్‌తో మెల్లగా అద్ది, ఐదు నిమిషాలు ఆరనిచ్చి, అప్పుడు పల్చగా ఒక పూత సాస్ వేసి బ్రాయిలర్ కింద 3 నుంచి 5 నిమిషాలు పెట్టండి, బుడగలొచ్చి అంచులు నల్లబడటం మొదలవ్వగానే తీసి ఇంకో పూత వేసి మళ్ళీ పెట్టండి. ఓవెన్ ముందు నుంచి కదలొద్దు, సాస్‌లో చక్కెర మాడటానికి అర నిమిషం చాలు. ఒకేసారి మందంగా పూస్తే మాత్రం జారిపోతుంది.

పొగ వాసన కావాలంటే ముందే మసాలాలో స్మోక్డ్ పాప్రికా (పొగబెట్టిన మిరపపొడి) వేసుకోండి, లేదా నీళ్ళలో లిక్విడ్ స్మోక్ (పొగ రుచి ఉండే ద్రవం) కొన్ని చుక్కలు. చప్పగా ఉందంటే ఉప్పు ఆలస్యంగా పడిందని, ముందు రోజు రాత్రే పట్టించి ఫ్రిజ్‌లో పెడితే లోపలికి దిగుతుంది. సాస్‌లోనూ ఉప్పుంటుంది, చూసి వేయండి.

మాంసం మెత్తగా ఉంది కానీ అడుగు పక్క ఏదో నమలలేకపోతున్నాం

అది ఎముకల వెనక ఉండే పల్చటి తెల్ల పొర. ఎంత ఉడికించినా సరిగ్గా కరగదు, పైగా మసాలాని లోపలికి వెళ్ళనివ్వదు. వండేముందు ర్యాక్‌ని బోర్లా తిప్పి, చివరి ఎముక మీద పొర కిందకి స్పూన్ కాడ దూర్చి కాస్త లేపండి. వేళ్ళతో పట్టుకుంటే జిడ్డుకి జారిపోతుంది, పేపర్ టవల్‌తో పట్టుకుని ఎముకకి దగ్గరగా మెల్లగా లాగితే సర్రున షీట్‌లా వచ్చేస్తుంది. మధ్యలో తెగితే కంగారు లేదు, రెండో వైపు నుంచి మొదలుపెట్టండి. ఉడికాక తెలిస్తే, బ్రాయిలర్‌లో పెట్టేముందు ఆ పొర మీద కత్తితో అడ్డదిడ్డంగా గాట్లు పెట్టండి, నమలడానికి చాలా నయం.

అడుగు రసం మీద నూనె తేలుతోంది

ఎక్కువ కొవ్వున్న స్పేర్ రిబ్స్‌కి ఇది మామూలే. పారబోయకండి. రాత్రి ఫ్రిజ్‌లో పెడితే పొద్దున్నకి కొవ్వు తెల్లటి పలకలా పైన గడ్డకడుతుంది, దాన్ని ఎత్తేస్తే కింద రసం జెల్లీలా కదులుతూ ఉంటుంది. కరిగిన కొలాజెన్ అదే. దాన్ని మరిగించి నాలుగు స్పూన్లు సాస్‌లో కలిపితే, మిగిలిన రిబ్స్ వేడి చేసేటప్పుడు పైన పూయడానికి దానికి మించింది లేదు.