ఫిట్స్ మందులు వాడుతున్నారని రక్తం తీసుకోలేదా? అయితే ఇది చదవండి

మా ఆఫీసులో రక్తదాన క్యాంపు పెట్టినప్పుడు ఫారంలో ‘మూర్ఛ’ అన్నచోట టిక్ పెట్టి, మందుల వరుసలో నేను వాడే ఫిట్స్ మందు పేరు, లెవిటిరాసిటామ్ అని రాశాను. టేబుల్ దగ్గర కూర్చున్నావిడ అది పైకి చదివి, “మీది తీసుకోమండీ” అని ఫారం పక్కన పెట్టేశారు. వెనక లైన్లో ఉన్నవాళ్ళందరికీ వినపడింది. కారణం మాత్రం చెప్పలేదు. దాన్ని తర్వాత మా న్యూరాలజిస్ట్‌ని అడిగి, నిబంధనలు చదివి తెలుసుకున్నాను. అలా వెనక్కి వచ్చినవాళ్ళకీ, రేపు వెళ్ళాలనుకునేవాళ్ళకీ పనికొస్తుందని రాస్తున్నాను.

అన్నిటికంటే ముందు చెప్పాల్సింది: రక్తం ఇవ్వడం కోసం మాత్రలు ఆపకండి. “ఎన్ని రోజుల ముందు మందు మానేస్తే తీసుకుంటారు?” అని చాలామంది అడుగుతారు. ఒక్క రోజు కూడా మానకూడదు. ఫిట్స్ మందు ఉన్నట్టుండి ఆపితే అదుపులో ఉన్న ఫిట్స్ తిరిగి రావచ్చు. ఒక్కోసారి ఆగకుండా ఒకదాని వెంట ఒకటి వచ్చి ప్రాణం మీదకి వస్తుంది. యూరప్ నిబంధనల్లో ‘మందు ఆపి మూడేళ్ళు దాటి, ఈ మధ్యలో ఫిట్స్ రాకపోతే’ అన్న షరతు కనిపిస్తుంది. అది చదివి పొరబడకండి. డాక్టర్ చూసి, మోతాదు మెల్లగా తగ్గిస్తూ, ఇక అవసరం లేదని పూర్తిగా ఆపించినవాళ్ళ గురించి ఆ మాట.

వెళ్ళేముందు ఆ బ్లడ్ బ్యాంక్‌కి ఫోన్ చేసి కనుక్కోవడం మంచిది, ఎందుకంటే నిబంధన అన్నిచోట్లా ఒకటి కాదు. మన దేశంలో జాతీయ రక్తమార్పిడి మండలి 2017లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం మూర్ఛ, ఫిట్స్ ఉన్నవాళ్ళ దగ్గర ఎప్పటికీ రక్తం తీసుకోకూడదు. యూరప్‌లో 2004 నాటి ఆదేశంలో పైన చెప్పిన మూడేళ్ళ షరతు ఉంది, చిన్నప్పుడు వచ్చిన ఫిట్స్‌కి మినహాయింపు కూడా ఉంది. అమెరికాలో ఫిట్స్ అదుపులో ఉంటే మందు వాడుతున్నా తీసుకునే చోట్లున్నాయి. కాబట్టి వేరే దేశంలో ఉన్న మీ బంధువు ఇచ్చారని ఇక్కడ వాదించి లాభం లేదు. టేబుల్ దగ్గర కూర్చున్నవాళ్ళకి ఆ నిబంధన మార్చే అధికారం ఉండదు.

ఫోన్‌లో గానీ, కౌన్సెలర్ దగ్గర గానీ మూడు విషయాలు విడివిడిగా చెప్పండి: ఏ జబ్బుకి ఏ మందు వాడుతున్నారు, చివరిసారి ఫిట్స్ ఎప్పుడొచ్చాయి, అది ఏ వయసులో మొదలైంది. మందు పేరు ఒక్కటే చెబితే తికమక వస్తుంది. వాల్‌ప్రోయేట్ అనే ఫిట్స్ మందుని మైగ్రేన్‌కీ, బైపోలార్‌కీ (మనసు అతి హుషారుకీ, అతి దిగులుకీ మధ్య ఊగే జబ్బు) ఇస్తారు. టోపిరమేట్ మైగ్రేన్‌కి, కార్బమజెపైన్ ముఖంలో వచ్చే ఒక రకం నరాల నొప్పికి, గాబాపెంటిన్, ప్రెగాబాలిన్ మామూలు నరాల నొప్పులకి కూడా వాడతారు. మీకు ఫిట్స్ ఎప్పుడూ రాకుండా వీటిలో ఏదో వాడుతుంటే ఆ మాట స్పష్టంగా చెప్పండి, ప్రిస్క్రిప్షన్ చూపించండి. అప్పుడు మిమ్మల్ని చూసే వరుసే వేరు. పసితనంలో జ్వరంతో ఒకసారి ఫిట్స్ వచ్చి ఆ తర్వాత ఏమీ లేకపోతే అదీ చెప్పండి. తీసుకోవాలా వద్దా అన్నది అక్కడి డాక్టర్ నిర్ణయిస్తారు.

ఇంతకీ ఎందుకు వద్దంటారు? ముఖ్యంగా మన క్షేమం కోసం. ఒకసారికి 350 లేదా 450 మిల్లీలీటర్లు తీస్తారు. ఆ సమయంలో కొందరికి బీపీ పడిపోయి కళ్ళు తిరుగుతాయి, అది ఆరోగ్యంగా ఉన్నవాళ్ళకి కూడా. స్పృహ తప్పినప్పుడు కాళ్ళూ చేతులూ కొట్టుకోవచ్చు, చూడ్డానికి అచ్చం ఫిట్స్‌లాగే ఉంటుంది. మనకి వస్తే అది మామూలు కళ్ళు తిరగడమో, ఫిట్సో అక్కడివాళ్ళు వెంటనే తేల్చుకోలేరు. సూది గుచ్చి ఉండగా గానీ, లేచి నాలుగడుగులు వేశాక గానీ పడిపోతే దెబ్బ గట్టిగానే తగులుతుంది. ఇక రెండో కారణం, మందు. ఒక పెద్ద మనిషి ఒంట్లో దాదాపు ఐదు లీటర్ల రక్తం ఉంటుంది కాబట్టి ఒక సంచీ వెంట వెళ్ళే మందు చాలా పలచబడిపోతుంది. అయినా వాల్‌ప్రోయేట్ లాంటిది కడుపులో బిడ్డకి హాని చేసే మందు, పైగా అది ప్లేట్‌లెట్లను తగ్గించవచ్చు. ఎక్కించుకునేవాళ్ళలో గర్భిణులుంటారు, ప్లేట్‌లెట్ల కోసమే ఎదురుచూసేవాళ్ళుంటారు.

ఈ జాగ్రత్త మరీ ఎక్కువని వాదించే డాక్టర్లూ ఉన్నారు. 1990ల్లో అమెరికాలో రక్తదాతల మీద జరిగిన ఒక అధ్యయనంలో, మూర్ఛ ఉన్నవాళ్ళకి మిగతావాళ్ళకంటే ఇబ్బందులు చెప్పుకోదగ్గంత ఎక్కువగా రాలేదని తేలింది. శాశ్వతంగా వద్దనే నిబంధనను మళ్ళీ పరిశీలించాలని నా అభిప్రాయం. మార్చేదాకా పాటిస్తాను.

అందుకే దాచిపెట్టి ఇవ్వమని ఎవరికీ చెప్పను. ఏదైనా జరిగితే వాళ్ళు సరైన వైద్యం చేయాలన్నా మన విషయం తెలిసుండాలి. నిబంధన తెలియక ఇప్పటికే ఇచ్చి ఉంటే టెన్షన్ పడకండి. ఆ బ్లడ్ బ్యాంక్‌కి ఫోన్ చేసి, ఇచ్చిన తేదీ, మీ పేరు, వాడుతున్న మందు చెప్పండి. ప్రతి సంచీకీ నంబరు ఉంటుంది, దాన్ని బట్టి వెతికి ఏం చేయాలో వాళ్ళే చూసుకుంటారు.

ఫారం నింపేటప్పుడు “విడిగా మాట్లాడాలి” అని అడగడం మీ హక్కు, మొహమాటపడకండి. నాకు అందరి ముందూ జరిగింది మరొకరికి జరగకూడదు. కాదన్నాక కూడా రెండు ప్రశ్నలు అడిగి రండి: ఇది కొన్నాళ్ళకా, ఎప్పటికీనా? జబ్బు వల్లా, మందు వల్లా? ఎప్పటికీ అంటే మళ్ళీ మళ్ళీ వెళ్ళి మనసు కష్టపెట్టుకోవక్కర్లేదు. మందు వల్లే అయితే, మందు మారినప్పుడు మళ్ళీ అడగవచ్చు.

బయటికి వచ్చాక ఎవరో ఒకరు అడుగుతారు. “నేను వాడే మందు వల్ల తీసుకోలేదు” అంటే చాలు, మిగతాది చెప్పాలో వద్దో మీ ఇష్టం. అయితే ఎవరైనా “రక్తంలో దోషం ఉందట” అంటే మాత్రం ఊరుకోకండి. మూర్ఛ మెదడులోని విద్యుత్ సంకేతాలు గతి తప్పడం వల్ల వస్తుంది. అది రక్తంలో ఉండదు, అంటుకోదు, రక్తం ద్వారా ఇంకొకరికి రాదు. మా ఆఫీసులో ఒకాయన నా గ్లాసు విడిగా పెట్టబోతే ఆయనకి ఈ మాటలే కూర్చోబెట్టి చెప్పాను.

మనకి ఫిట్స్ ఉన్నంత మాత్రాన ఇంట్లోవాళ్ళు ఇవ్వకూడదని ఎక్కడా లేదు. మా తమ్ముడికి ఈ సందేహమే వచ్చి ఆగిపోయాడు. ఫోన్ చేయించి కనుక్కున్నాక వెళ్ళి ఇచ్చాడు. మనకి అవసరమైతే రక్తం ఎక్కించుకోవడానికీ మూర్ఛ అడ్డు కాదు. నేత్రదానానికి పేరు రాయించుకోవచ్చు, పనికొస్తాయో లేదో ఆ సమయంలో డాక్టర్లు చూస్తారు. నేను ఇప్పుడు మా క్యాంపుల్లో రక్తం ఇచ్చి లేచినవాళ్ళ దగ్గర కూర్చుంటాను. పదిహేను నిమిషాలదాకా కదలనివ్వను, నీళ్ళు తాగిస్తాను, మొహం పాలిపోతే వెంటనే పడుకోబెట్టి కాళ్ళు ఎత్తి పెడతాను. మొదటిసారి ఇచ్చే కుర్రాళ్ళు “ఏం కాలేదు” అంటూ గబుక్కున లేస్తారు, వాళ్ళ మీదే ఎక్కువ కన్నేసి ఉంచాలి.