గోదావరి మునిమాపును కలర్ నెగెటివ్‌పై పట్టాలంటే

ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర సూర్యుడు అస్తమించగానే కెమెరా సర్దేయకండి. అసలు రంగులు ఆ తర్వాతే మొదలవుతాయి. నేను వాడేది కొడాక్ పోర్ట్రా 400 అనే కలర్ నెగెటివ్ ఫిల్మ్. వెలుగు కొలిచే మీటర్‌ను మాత్రం ISO 200కు పెడతాను, అంటే ఫిల్మ్‌కు రెట్టింపు వెలుగు ఇస్తాను. కలర్ నెగెటివ్ వెలుగు ఎక్కువైతే ఓర్చుకుంటుంది, తక్కువైతే క్షమించదు: నీడలు బురదరంగుకు తిరుగుతాయి, స్కానింగ్‌లో ఎంత సవరించినా తేరుకోవు.

షట్టర్ తెరిచి ఉంచే సమయం సెకను దాటితే మీటర్ మాటను ఉన్నదున్నట్టు నమ్మకండి. మసక వెలుగులో ఫిల్మ్ స్పందన మందగిస్తుంది. దీన్నే రెసిప్రాసిటీ ఫెయిల్యూర్ అంటారు. ఈ ఫిల్మ్‌కు ఒక సెకను వరకు సవరణ అక్కర్లేదని కొడాక్ చెబుతుంది. ఆపైన ఎవరి పరీక్ష వారిదే. నా లెక్క ఇది: మీటర్ 4 సెకన్లు చూపితే 8, 10కి 25, 30కి 90. షట్టర్ తెరిచి ఉండగానే చీకటి చిక్కబడుతుంది కాబట్టి అనుమానం వస్తే ఇంకొంచెం ఎక్కువే ఇవ్వండి.

బల్బ్ సెట్టింగ్ (నొక్కి ఉంచినంతసేపూ షట్టర్ తెరిచే ఉంటుంది), తాళం ఉన్న కేబుల్ రిలీజ్ (కెమెరా కదలకుండా షట్టర్ నొక్కే తీగ) తప్పనిసరి. బ్యాటరీతో పనిలేని మెకానికల్ షట్టర్ అయితే మరీ మేలు.

అంతర్వేది ఇసుకలో ట్రైపాడ్ కాళ్లను కొబ్బరి చిప్పల్లో నిలిపితే దిగబడవు. గాలికి కొబ్బరాకులు ఫొటోలో చెదిరితే చెదరనివ్వండి. నాకు ఆ చెదరడమే ఇష్టం. ఫ్రిజ్‌లోంచి తీసిన రోల్‌ను మాత్రం గంటా రెండు గంటలు మూత తీయకుండా బయట ఉంచండి, లేకపోతే మన కోనసీమ ఉక్కకు చెమ్మ పడుతుంది.

ల్యాబ్‌లో కలర్ నెగెటివ్‌లకు వాడే మామూలు సీ-41 డెవలపింగే చాలు. స్కాన్ చేసేవారికి మాత్రం మునిమాపు నీలాన్ని తగ్గించవద్దని ముందే చెప్పండి.