డీఎఫ్‌సీ శిలువ చేతికొస్తే దాని కాలం, సొంతదారు తేల్చుకోవడం ఎలా?

యుద్ధంలో శత్రువుపై ఎగిరి చూపిన తెగువకు ఇవ్వడానికి బ్రిటన్ 1918 జూన్ 3న నెలకొల్పిన వెండి శిలువ డిస్టింగ్విష్డ్ ఫ్లయింగ్ క్రాస్ (డీఎఫ్‌సీ). వేలంలోనో, పాత ట్రంకుపెట్టెలోనో ఒకటి కనిపిస్తే, ఎవరిదో అడిగే ముందు ఏ కాలానిదో చూడాలి. పది రెట్ల భూతద్దం, మిల్లీమీటర్ల స్కేలు చాలు. అంచులే పట్టుకోండి. వేళ్ల చెమట వెండి మీద మచ్చ వేస్తుంది.

ముందు వెనక్కి తిప్పండి. నడిమిన రాజు పేరు పొడి అక్షరాలు, వాటి కింద 1918 అని ఉంటాయి. చాలామంది బోల్తా పడేది ఇక్కడే. అది పతకం పుట్టిన సంవత్సరం, ఇచ్చిన సంవత్సరం కాదు. రెండో ప్రపంచ యుద్ధకాలపు శిలువలకు ఇచ్చిన సంవత్సరం శిలువ కింది చేతి వెనక చెక్కి ఉంటుంది. 1944లో భారత పైలట్ అర్జన్ సింగ్‌కు ఇచ్చినలాంటి వాటికి అక్కడ 1944 ఉండాలి. మొదటి యుద్ధం నాటి శిలువలకు ఆ చెక్కుడు లేదు. అందుకని 1918లో భారతీయ పైలట్ ఇంద్రలాల్ రాయ్‌కి మరణానంతరం ప్రకటించిన నాటి పతకం ఖాళీగా ఉన్నంత మాత్రాన నకిలీ అనుకోకండి.

పేరు కోసం వెతకడం దండగ. ఆ రెండు యుద్ధాల్లోనూ వీటిని పేరు చెక్కకుండానే ఇచ్చారు. పేరు కనిపిస్తే తర్వాత ఎవరో సొంతంగా చెక్కించినదే. అది తప్పేమీ కాదు గానీ, రుజువూ కాదు. రుజువు వేరే కాగితాల్లో ఉంటుంది: పైలట్ లాగ్‌బుక్ (ఎగిరిన వివరాలు రాసుకునే పుస్తకం), బ్రిటన్ ప్రభుత్వ అధికార పత్రిక లండన్ గెజిట్‌లోని ప్రకటన. గెజిట్ ఇంటర్నెట్‌లో ఉచితంగానే దొరుకుతుంది. ఇంటిపేరు, దళం (స్క్వాడ్రన్) నంబరు కలిపి వెతకండి. రెండో యుద్ధకాలపు ప్రకటనల్లో చాలా ఉత్త పేర్ల జాబితాలే, ఏం చేశాడో రాసి ఉండదు. అప్పుడు బ్రిటన్ నేషనల్ ఆర్కైవ్స్‌లో ఎయిర్ 27 (AIR 27) అనే దస్త్రాల వరసలోని స్క్వాడ్రన్ దినచర్య పుస్తకాలు చూడాలి.

ఇక రిబ్బను. ఊదా, తెలుపు చారలు ఏటవాలుగా, ఒక్కోటి సుమారు 3 మిల్లీమీటర్లు. చారలు అందులో సగమే ఉంటే అది డిస్టింగ్విష్డ్ ఫ్లయింగ్ మెడల్ రిబ్బను. ఊదాకు బదులు ఎరుపు ఉంటే ఎయిర్ ఫోర్స్ క్రాస్‌ది, అంటే శత్రువుతో పోరు లేని ఎగురుడుకు ఇచ్చేది. చారలు అడ్డంగా ఉన్నాయా? పారేయకండి, 1919 జూలైకి ముందు అలాగే ఉండేవి. మొదటి యుద్ధపు శిలువకు తర్వాతెప్పుడో ఏటవాలు రిబ్బను మార్చి ఉండొచ్చు కాబట్టి, రిబ్బను ఒక్కదాన్నే నమ్మి ధర కట్టడం తెలివితక్కువ పని.

అచ్చులో పోసిన నకలు పట్టుకోవాలంటే శిలువ చేతుల చివర్లు చూడండి. పక్క చేతులకు, కింది చేతికి బాంబులు, పైదానికి గులాబీ ఉంటాయి. పోతలో ఈ అంచులు మొద్దుబారి, చిన్న గాలిబుడగల గుంటలు పడతాయి. అరిగిన అసలుది ఎత్తు భాగాల్లో మాత్రమే నునుపెక్కుతుంది.

నల్లబడిందని చింతపండుతోనో, పళ్లపొడితోనో తోమకండి, చెక్కిన అంకెలే అరిగిపోతాయి. ఆమ్లం లేని కాగితంలో చుట్టి, సిలికా జెల్ పొట్లంతో పెట్టండి. రబ్బరు బ్యాండు, ఉన్ని గుడ్డ దగ్గరికి రానివ్వద్దు, వాటిలోని గంధకమే వెండిని నల్లబరుస్తుంది.